గడప లోపలి ఉద్యోగం: అమెరికాలో నానీ పన్ను కథ

మన ఇళ్ళల్లో నాని అంటే పిల్లవాడి ముద్దుపేరు. అమెరికాలో నానీ అంటే ఆ పిల్లవాణ్ణి చూసుకునే మనిషి. మనకు దాది అనే పాత మాట ఉంది, పోర్చుగీసు నుంచి వచ్చిన ఆయా ఉంది. ఏ పేరుతో పిలిచినా పని ఒకటే, తల్లి ఇంట్లో లేని వేళ తల్లి చేసే పనులన్నీ చేయడం. అది ఎంత పాత పనో, దాన్ని ఉద్యోగం అనడానికి మనకు అంత నోరు రాదు. "సాయంగా ఉంటుంది" అంటాం, "ఇంట్లో మనిషిలాంటిది" అంటాం.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఇది రోజూ నలిగే విషయం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఊరి నుంచి అమ్మో అత్తగారో వచ్చి ఆరు నెలలుండి తిరుగు విమానం ఎక్కుతారు. ఆ మర్నాటి నుంచి, పిల్లకు పప్పన్నం కలిపి పెట్టి తెలుగులో కబుర్లు చెప్పే ఆవిడ ఎవరైనా దొరికితే బాగుండునని వెతుకులాట మొదలవుతుంది. దొరికిన ఆవిడా మన తెలుగావిడే. ఆంటీ అని పిలుస్తారు, నెలాఖరుకి చేతిలో డబ్బు పెడతారు. ఆవిడది ఉద్యోగమా, సొంత వ్యాపారమా? పన్ను ఎవరు కట్టాలి, ఎంత కట్టాలి? ఈ మాటలు ఎత్తడానికి ఇటు అమ్మాయికీ మొహమాటమే, అటు ఆంటీకీ మొహమాటమే.

వీళ్ళ మొహమాటాన్ని తప్పుపట్టలేం. ఇంట్లో పనిచేసే మనిషి ఉద్యోగి అని ఒప్పుకోవడానికి అమెరికా చట్టానికే చాలా ఏళ్ళు పట్టింది, ఆ ఒప్పుకోలుకి చిక్కులు లేని దారి వేయడానికి మొత్తం అరవై ఏళ్ళు పట్టింది. ఆ అరవై ఏళ్ళ కథలో రెండు వైపులా ఆడవాళ్ళే ఉన్నారు, జీతం ఇచ్చేది ఒకరు, తీసుకునేది ఒకరు.

ముందు సోషల్ సెక్యూరిటీ అంటే ఏమిటో చూద్దాం. మన ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ లాంటిదే అనుకోండి. జీతంలోంచి ఉద్యోగి కొంత, పైన యజమాని అంతే కడతారు. పెద్దవయసులో ఆ రికార్డును బట్టి నెలనెలా పెన్షన్ వస్తుంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ చట్టం మీద 1935 ఆగస్టు 14న సంతకం చేశాడు. దాని వెనుక పగలూ రాత్రీ పనిచేసింది ఫ్రాన్సెస్ పెర్కిన్స్, అప్పటి కార్మిక మంత్రి, ఆ దేశంలో కేబినెట్ మంత్రి అయిన మొదటి మహిళ. 1937లో వసూళ్ళు మొదలైనప్పుడు ఉద్యోగి నుంచి నూటికి ఒక డాలరు, యజమాని నుంచి ఒక డాలరు.

అంత పెద్ద చట్టంలో ఇద్దరికి చోటు లేకుండా పోయింది. ఒకరు పొలంలో కూలికి వెళ్ళేవారు, రెండోవారు ఇంట్లో పనిచేసేవారు. దీనికి చరిత్రకారులు రెండు కారణాలు చెబుతారు. వేలాది ఇళ్ళ చుట్టూ తిరిగి ఇంత చిన్న మొత్తాలు వసూలు చేయడం మా వల్ల కాదని ఆర్థిక మంత్రి మోర్గెంథో అన్నాడు. రెండోది దక్షిణాది రాష్ట్రాల రాజకీయం. అక్కడ పొలాల్లోనూ ఇళ్ళలోనూ పనిచేసేవాళ్ళు ఎక్కువగా నల్లజాతివారు, వాళ్ళకు ప్రభుత్వ పెన్షన్ అందడం అక్కడి పెద్దలకు ఇష్టం లేదు. ఈ రెండిట్లో ఏది ఎక్కువ పనిచేసిందన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆ రోజుల్లోనే చార్లెస్ హ్యూస్టన్ అనే నల్లజాతి న్యాయవాది సెనేట్ కమిటీ ముందుకు వెళ్ళి, ఈ బిల్లు జల్లెడ లాంటిదని, మా వాళ్ళలో ఎక్కువమంది జారిపోయేంత కన్నాలు ఇందులో ఉన్నాయని చెప్పాడు. ఎవరూ ఆ కన్నాలు పూడ్చలేదు.

అలా జారిపోయిన ఆడవాళ్ళ బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే అదే 1935 నవంబరులో 'ది క్రైసిస్' పత్రికలో వచ్చిన వ్యాసం గుర్తు చేసుకోవాలి. ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అనే ఇద్దరు నల్లజాతి మహిళలు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధులకు వెళ్ళి రాసుకొచ్చారు. పొద్దున్నే వీధి మూలల్లో సంచీ పట్టుకుని ఆడవాళ్ళు నిలబడేవారు. ఇంటి యజమానురాలు వచ్చి, ఎగాదిగా చూసి, బేరమాడి, ఆ పూటకి తీసుకెళ్ళేది. మన ఊళ్ళలో అడ్డా మీద కూలీలు నిలబడినట్టే. బేరం తెగ్గొట్టినా, గంటలు ఎక్కువ చేయించినా, చివర్లో డబ్బు ఎగ్గొట్టినా అడిగే నాథుడు లేడు, ఎందుకంటే అది ఉద్యోగమని ఎక్కడా రాసి లేదు. 1938లో కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టం వచ్చింది. అందులోనూ ఇంటి పనివారిని వదిలేశారు.

గడప లోపలికి చట్టం మొదటిసారి అడుగుపెట్టింది 1951 జనవరి 1న. అంతకుముందు ఏడాది అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన సవరణ ప్రకారం, ఒకే ఇంట్లో స్థిరంగా పనిచేస్తూ మూడు నెలల్లో 50 డాలర్లు నగదు జీతం తీసుకునే మనిషికి సోషల్ సెక్యూరిటీ వర్తించింది. అంటే ప్రతి మూడు నెలలకీ ఇల్లాలు లెక్క వేసి, పనిమనిషి వాటా పట్టుకుని, తన వాటా కలిపి ప్రభుత్వానికి పంపాలి.

అప్పుడు జరిగిన గొడవ నాకు ఈ కథ మొత్తంలోకీ ఎక్కువ ఆలోచన కలిగించింది. టెక్సాస్‌లో మార్షల్ అనే ఊరి గృహిణులు కొందరు ఈ పన్ను కట్టమని భీష్మించుకుని కూర్చున్నారు. జీతం లేకుండా మా చేత పన్ను వసూలు గుమాస్తా పని చేయిస్తారా అన్నది వాళ్ళ వాదన. మా వంటింట్లోకి ప్రభుత్వం రావడమేమిటని కోపం. ప్రభుత్వం పన్ను వసూలు చేస్తే, దాన్ని తిరిగి ఇప్పించమని కోర్టుకెక్కారు. 1953లో అప్పీళ్ళ కోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

ఆ గృహిణుల మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఇంటి లెక్కలన్నీ ఆడవాళ్ళ నెత్తినే పడతాయి, దానికి జీతం ఎవరూ ఇవ్వరు. ఒక గృహిణిగా ఆ ముక్క నాకు బాగా అర్థమవుతుంది. కానీ అదే వంటింట్లో రెండో ఆడమనిషి కూడా నిలబడి ఉంది. జీతం లేని పని ఎంత కష్టమో తెలిసిన ఇల్లాలే, తన ఇంట్లో పనిచేసే ఆవిడకు ముసలితనంలో పెన్షన్ రావడానికి అడ్డం నిలిచింది. పేచీ కాగితం పని గురించి అయినా, నష్టపోయేది మాత్రం ఆ రెండో మనిషి ముసలితనం.

కనీస వేతనం గడప దాటడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1968లో అట్లాంటాలో డొరతీ బోల్డెన్ అనే ఇంటి పనిమనిషి తనలాంటివాళ్ళను కూడగట్టి సంఘం పెట్టింది. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ షర్లీ చిషోమ్ ఈ విషయాన్ని పార్లమెంటులో పట్టుకుంది. ఆమె తల్లి కూడా ఇళ్ళలో పనిచేసి, బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషే. 1974లో చట్టం మారి ఇంటి పనివారికి కనీస వేతనం వచ్చింది. యజమాని ఇంట్లోనే కాపురం ఉండని నానీకి వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కూడా వచ్చింది. ఎప్పుడో ఒక సాయంత్రం పిల్లల్ని చూసే బేబీ సిట్టర్‌ని మాత్రం ఇందులోంచి మినహాయించారు.

చట్టాలు వచ్చాయి గానీ ఇళ్ళలో అలవాట్లు మారలేదు. 1951 నాటి 50 డాలర్ల హద్దు నలభై ఏళ్ళు గడిచినా అలాగే ఉండిపోయింది. మొదట్లో 50 డాలర్లంటే కొన్ని వారాల జీతం. 1990 వచ్చేసరికి రెండు మూడు శనివారాలు పక్కింటి అమ్మాయి చేత పిల్లల్ని చూయిస్తే ఆ హద్దు దాటిపోయేది. అందరూ చట్టం తప్పేవాళ్ళే కావడంతో ఎవరికీ అది తప్పనిపించలేదు.

1993 జనవరిలో అది ఒక్కసారిగా బయటపడింది. కొత్తగా గెలిచిన క్లింటన్, దేశానికి మొదటి మహిళా అటార్నీ జనరల్‌గా జోయి బెయర్డ్ అనే పేరున్న న్యాయవాదిని ఎంచుకున్నాడు. ఆమె తన బిడ్డను చూసుకోవడానికి, కారు నడపడానికి పెరూ దేశపు దంపతుల్ని పెట్టుకుంది. వాళ్ళకు పనిచేసే అనుమతి కాగితాలు లేవు, వాళ్ళ జీతాల మీద సోషల్ సెక్యూరిటీ కట్టలేదు. పదవికి పేరు వచ్చాక బాకీ కట్టింది గానీ, దేశమంతా ఫోన్లు చేసి తిట్టింది. జనవరి 22న తప్పుకుంది. తరవాత జడ్జి కింబా వుడ్ పేరు వినిపించింది. ఆవిడ కూడా కాగితాలు లేని నానీని పెట్టుకుంది. అయితే అలాంటివాళ్ళను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించే చట్టం రాకముందు, 1986లో పెట్టుకుంది, పన్నులన్నీ కట్టింది. అయినా బెయర్డ్ మీద లేచిన దుమారం చల్లారకపోవడంతో ఫిబ్రవరి 5న ఆవిడా తప్పుకుంది. చివరికి ఆ పదవి జానెట్ రీనోకి వచ్చింది. ఆమెకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, కాబట్టి నానీ లేదు.

అదే సమయంలో వాణిజ్య మంత్రి రాన్ బ్రౌన్ కూడా తన ఇంటి పనిమనిషికి సోషల్ సెక్యూరిటీ కట్టలేదని తేలింది. బాకీ కట్టేసి పదవిలో ఉండిపోయాడు. పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారన్న ప్రశ్న తల్లికి పదవి పోగొట్టేంత పెద్దదైంది, అదే పన్ను ఎగవేత మగవాడి దగ్గర బాకీ తీర్చుకుంటే సరిపోయే పొరపాటు అయింది. అక్కడి మహిళలు అప్పుడే దీన్ని గట్టిగా ఎత్తిచూపారు.

ఆ గొడవ పుణ్యమా అని 1994 అక్టోబరులో చట్టాన్ని సరిచేశారు. మూడు నెలలకు 50 డాలర్ల హద్దు తీసేసి ఏడాదికి 1,000 డాలర్లు చేశారు, ధరలతో పాటు అదీ పెరిగేలా రాశారు. 2025లో అది 2,800 డాలర్లు. మూడు నెలలకోసారి ఇల్లాలు కాగితాలు పంపే బాధ తప్పించి, ఏడాదికోసారి సొంత ఆదాయ పన్ను పత్రంతో పాటు షెడ్యూల్ హెచ్ అనే కాగితం జోడిస్తే చాలన్నారు. పద్ధెనిమిదేళ్ళు నిండని, చదువుకుంటూ ఖాళీ వేళల్లో పిల్లల్ని చూసే అమ్మాయిలను మినహాయించారు. మార్షల్ గృహిణుల గోడులో న్యాయమున్నంత మేరకు నలభై ఏళ్ళకు తీరింది.

ఇంతకీ నానీ ఉద్యోగా, కాదా? అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్. దీనికి పెట్టుకున్న కొలత చిన్నదే. ఏ పని చేయాలో, ఎలా చేయాలో చెప్పే హక్కు ఎవరిది? పొద్దున ఎనిమిదికి రావాలి, పదింటికి పాలు పట్టాలి, టీవీ చూపించకూడదు, మధ్యాహ్నం నిద్రపుచ్చాలి అని ఇంటివాళ్ళు చెబుతున్నారంటే ఆవిడ వాళ్ళ ఉద్యోగి. వారానికి రెండు రోజులే వచ్చినా, గంటల లెక్కన ఇచ్చినా, ఆవిడ సొంత వ్యాపారం చేసుకునే మనిషి అని ఇద్దరూ కలిసి కాగితం రాసుకున్నా సరే. పిలుపు ఆంటీ అయినా, దీదీ అయినా చట్టానికి పట్టదు.

దీనికి ఎదురు లెక్క కూడా మన తెలుగువాళ్ళలో చాలానే ఉంది. ఒకావిడ తన ఇంట్లోనే నాలుగైదు ఇళ్ళ పిల్లల్ని చూసుకుంటుంది, వేళలూ రేట్లూ తనే నిర్ణయిస్తుంది. ఆవిడది సొంత వ్యాపారం. పిల్లల్ని దించి వెళ్ళే తల్లులు ఆవిడకు యజమానులు కారు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలితే ఆవిడే తన సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టుకోవాలి.

అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. వారానికి 600 డాలర్ల చొప్పున 50 వారాలు పనిచేసిన నానీకి ఏడాదికి 30,000 డాలర్లు. అందులో సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, వృద్ధుల వైద్యానికి పనికొచ్చే మెడికేర్‌కి 1.45 శాతం, కలిపి 7.65 శాతం, అంటే 2,295 డాలర్లు ఆవిడ జీతంలోంచి పట్టుకుంటారు. ఇంటివాళ్ళు తమ జేబులోంచి ఇంకో 2,295 డాలర్లు వేసి కడతారు. నిరుద్యోగ భృతి పన్ను ఇంటివాళ్ళదే, కేంద్రానికి మామూలుగా ఏడాదికి 42 డాలర్లు, రాష్ట్రానిది వేరే. జనవరి నెలాఖరులోగా ఆవిడకు డబ్ల్యు-2 అనే జీతం పత్రం ఇవ్వాలి. ఆదాయ పన్ను పట్టుకోవడం మాత్రం నానీ విషయంలో తప్పనిసరి కాదు. ఆవిడ అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే పట్టుకుంటారు. లేదంటే ఏడాది చివర ఆ బాధ్యత ఆవిడదే, కాబట్టి నెలనెలా కొంత పక్కన పెట్టుకోవాలి.

అదే ఆవిడను ఉద్యోగి కాదు, సొంత వ్యాపారం అని రాసేస్తే, రెండు వాటాలూ కలిపి సుమారు 4,239 డాలర్లు ఆవిడ ఒక్కతే కట్టాలి. ఇంటివాళ్ళకు మిగిలింది ఆవిడ చేతిలోంచి పోయిందే. అలా తప్పుగా రాస్తే, నేను ఉద్యోగినో కాదో తేల్చండని ఐ.ఆర్.ఎస్.ని ఎస్.ఎస్.-8 అనే పత్రంతో అడగొచ్చు. 8919 అనే పత్రంతో తన వాటా మాత్రమే కట్టే వీలూ ఉంది.

చేతిలో నగదు పెట్టి ఎవరికీ చెప్పకపోవడం మూడో దారి. ఇద్దరికీ లాభమే కదా అనుకుంటారు. నెల జీతం చూస్తే నిజమే. కానీ సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకి మించి రావు, కనీసం పదేళ్ళ పని రికార్డు అన్నమాట. 2025లో ఒక్కో క్రెడిట్‌కి 1,810 డాలర్ల సంపాదన లెక్కలో చూపాలి. నలభై అయిదో ఏట పిల్లల్ని చూడడం మొదలుపెట్టిన ఆవిడ పదేళ్ళు నగదు తీసుకుంటే, యాభై అయిదో ఏట ప్రభుత్వం లెక్కలో ఆవిడ ఆ పని మొదలే పెట్టలేదు. పని పోతే నిరుద్యోగ భృతికి ఆధారం ఉండదు. ఇల్లు అద్దెకు కావాలన్నా, అప్పు కావాలన్నా చూపించడానికి జీతం కాగితం ఉండదు. ఇండియాలో చేసిన ఉద్యోగాన్ని అక్కడ కలుపుకుందామన్నా కుదరదు. అమెరికాకు చాలా దేశాలతో అలాంటి ఒప్పందాలు ఉన్నాయి గానీ భారతదేశంతో లేదు. జీతం రికార్డులో తప్పు దిద్దించుకోవడానికి కూడా మామూలుగా మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజులే గడువు. ఇంటివాళ్ళకూ నష్టమే. బాకీ, వడ్డీ, జరిమానా ఎప్పుడైనా తలుపు తట్టొచ్చు. పిల్లల సంరక్షణ ఖర్చు మీద వచ్చే పన్ను రాయితీ కావాలంటే చూసుకునే మనిషి పేరు, నంబరు రాయాలి, దాచిన జీతానికి ఆ రాయితీ అడగడం కుదరదు.

మరి మన అమ్మమ్మలు, నానమ్మల సంగతి? సొంత తల్లికి జీతం ఇచ్చినా సోషల్ సెక్యూరిటీ పన్ను సాధారణంగా పడదు. బిడ్డ తల్లో తండ్రో చనిపోయిన, విడిపోయిన ఇళ్ళ వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం పడుతుంది. చూడడానికి వచ్చిన అమ్మ మనవణ్ణి ముద్దు చేయడానికి ఏ చట్టమూ అడ్డం కాదు, కానీ విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి జీతానికి పని చేయకూడదు. హెచ్-4 వీసా మీద ఉన్న అమ్మాయిలకు పని అనుమతి పత్రం ఉంటేనే కుదురుతుంది. "ఇంట్లో కూర్చుని పిల్లల్నే కదా చూస్తున్నాను" అనుకోవడం సహజం. అది ఉద్యోగమేనని ఇంత కథా చెబుతున్నది అదే.

ఈ కథలో విలన్లు కనిపించరు. మార్షల్ ఇల్లాలికి తన విసుగు ఉంది, బెయర్డ్‌కి పసిబిడ్డ ఉంది, డాలస్ అమ్మాయికి తొమ్మిదింటికి మీటింగ్ ఉంది. ఆంటీకి ఈ నెల అద్దె కట్టడానికి పూర్తి జీతం కావాలి. ప్రతి ఒక్కరూ ఈ నెల గడవడం చూసుకున్నారు, పాతికేళ్ళ తరవాతి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అలా మరిచిపోయిన దాన్ని గుర్తుపెట్టుకోవడానికే ఆ కాగితం.

అందుకే పనిలో చేరేటప్పుడే, మొదటి రోజు కాఫీ తాగుతూనే, నాలుగు మాటలు తేల్చుకోవడం మంచిది. గంటకు ఎంత, నలభై గంటలు దాటితే ఎంత, పన్ను పట్టుకుని ఇస్తారా, జనవరిలో డబ్ల్యు-2 ఇస్తారా. ఇంటి అమ్మాయే ముందు ఎత్తితే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అడగడం ఆంటీకే ఎక్కువ కష్టం. మన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషికి చీర పెడతాం, పండక్కి స్వీటు డబ్బా ఇస్తాం. ఆవిడ ముసలితనంలో నెలనెలా అందే చెక్కులో మన ఇంట్లో పనిచేసిన రోజులు కూడా ఉంటే, అంతకన్నా మంచి పండగ కానుక ఏముంటుంది?